చుక్కల జాగారం

ఉగాదికి ముందు వచ్చే అమావాస్యను మనవాళ్లు కొత్త అమావాస్య అంటారు. ఆ సాయంత్రం ఏ ఇంట్లో చూసినా హడావుడే. వేపపువ్వు ఎక్కడ దొరుకుతుంది, మామిడాకులు ఎవరు తెస్తారు, కొత్త చింతపండు తెచ్చారా లేదా... ఇవే మాటలు. సరిగ్గా అదే సమయానికి కొన్ని ఇళ్లలో ఇంటాయన పొడవాటి గొట్టం ఒకదాన్ని పాత దుప్పటిలో చుట్టి, పసిపిల్లాణ్ని పడుకోబెట్టినంత జాగ్రత్తగా కారు వెనకసీట్లో పడుకోబెడుతుంటాడు. కొన్నిచోట్ల ఆ పని చేసేది ఇంటావిడ. ఇంకొన్నిచోట్ల ఇంజినీరింగ్ చదివే అబ్బాయి. ఫ్లాస్కునిండా టీ, పులిహోర పొట్లం, మడత కుర్చీ, ఎర్ర కాగితం అంటించిన టార్చిలైటు, ముందే గీసుకున్న ఆకాశపటాలు సర్దుకోవడం అయ్యేసరికి వంటింట్లోంచి ఆ మాట రానే వస్తుంది.

''రేపు పండగ పెట్టుకుని ఇవాళ ఊరవతల జాగారం ఏంటండీ?''

''ఈ అమావాస్య పోతే మళ్లీ ఏడాది దాకా ఆగాలోయ్!''

అదేమీ తప్పించుకోవడానికి చెప్పిన మాట కాదు. అక్షరాలా నిజం.

ఆకాశంలో నూట పది మసక మచ్చలున్నాయి. కొన్ని నక్షత్రాల గుంపులు, కొన్ని వాయుమేఘాలు, ఓ నలభై దాకా మనలాంటి వేరే గెలాక్సీలు. ఎం-1 నుంచి ఎం-110 దాకా వాటికి నంబర్లున్నాయి. ఆ నూట పదినీ ఒక్క రాత్రిలో, పొద్దుగుంకింది మొదలు తెల్లవారేలోగా, టెలిస్కోపుతో ఒక్కోటీ వెతికి పట్టుకోవాలి. అదీ పందెం. దాని పేరు మెస్సియే మారథాన్. బహుమతి లేదు. చప్పట్లు కొట్టేవాళ్లు లేరు. ఓడిపోతే నవ్వేవాళ్లూ లేరు. అయినా 1970ల నుంచీ ప్రపంచవ్యాప్తంగా ఔత్సాహికులు ఏటా దీనికోసం నిద్రలు మానుకుంటున్నారు. మన దేశంలోనూ ఆ పిచ్చి ఉన్నవాళ్లు బాగానే ఉన్నారు.

మామూలుగా ఏ రాత్రి చూసినా ఆకాశంలో కొంత భాగం సూర్యుడి వెలుగులో మునిగిపోయి ఉంటుంది. అటువైపున్న చుక్కలు మనకి కనపడవు. ఏడాదిలో ఒక్క మార్చి నెలాఖరు రోజుల్లోనే సూర్యుడున్న చోటికి దగ్గర్లో ఈ నూట పదిలో దాదాపు ఏవీ ఉండవు. అంటే, ఓపిక ఉంటే ఒకే రాత్రిలో అన్నీ దొరుకుతాయి. దానికితోడు చంద్రుడు అడ్డం రాకూడదు. మార్చి మధ్యనుంచి ఏప్రిల్ మొదటివారం లోపు వచ్చే అమావాస్య కావాలి. అలాంటి అమావాస్య చాలా ఏళ్లు మన కొత్త అమావాస్యే అవుతుంది. 2023లో ఉగాది మార్చి 22న, 2026లో మార్చి 19న. ఆ రెండేళ్లూ మారథాన్‌కి పంచాంగమే ముహూర్తం పెట్టిందన్నమాట. ఉగాది ఏప్రిల్లోకి జరిగిపోయిన ఏడాది ఏం చేస్తారు? ఇంకో అమావాస్య వెనక్కి వెళ్తారు. అది మహాశివరాత్రి వెంటనే వచ్చే అమావాస్య. 2024లో అలాగే అయ్యింది. శివరాత్రి మార్చి 8న, అమావాస్య 10న. ఊరంతా ఒక జాగారం చేస్తే వీళ్లు రెండోది కూడా చేశారు!

వద్దనుకున్నవాటి జాబితా

ఇంతకీ ఎవరీ మెస్సియే?

షార్ల్ మెస్సియే 1730లో ఫ్రాన్సులో, లొరేన్ ప్రాంతంలోని బడొన్విలే అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పన్నెండుమంది పిల్లల్లో పదోవాడు. పదకొండేళ్లకే తండ్రి పోయాడు. పద్నాలుగో ఏట ఆకాశంలో ఆరు తోకల వింత తోకచుక్క ఒకటి కనిపించింది. ఆ కుర్రాడి బుర్రలో అది అలా నాటుకుపోయింది. ఇరవై ఒకటో ఏట పారిస్ చేరి, నౌకాదళానికి ఖగోళ శాస్త్రవేత్తగా ఉన్న దెలీల్ దగ్గర గుమాస్తాగా కుదిరాడు. అతనికి ఉద్యోగం ఇచ్చింది లెక్కలు తెలుసునని కాదు, చేతిరాత బాగుందని!

ఆ రోజుల్లో ఖగోళ ప్రపంచమంతా ఒకదానికోసమే ఎదురుచూస్తోంది. 1758 ప్రాంతంలో మళ్లీ వస్తుందని హాలీ లెక్కగట్టిన తోకచుక్క. దాన్ని ముందుగా చూసినవాడికి పేరే పేరు. దెలీల్ ఒక పటం గీసి మెస్సియే చేతిలో పెట్టాడు. పటంలోనే తప్పుంది. పాపం ఆ కుర్రాడు ఏడాదిన్నర పాటు, మబ్బు లేని ప్రతి రాత్రీ, తోకచుక్క లేని చోట వెతుకుతూ కూర్చున్నాడు. చివరికి 1759 జనవరి 21న తనంతట తాను పట్టుకున్నాడు. అప్పటికే నెల్లాళ్ల కిందట, క్రిస్మస్ రాత్రి, జర్మనీలో పాలిచ్ అనే రైతు చూసేశాడు. పైగా మెస్సియే చూసిన సంగతి కూడా బయటపెట్టొద్దన్నాడు దెలీల్. ఏప్రిల్ ఒకటో తారీఖున తీరా చెప్తే పారిస్‌లో నమ్మినవాళ్లు తక్కువ. తారీఖు కూడా అలాంటిది మరి.

ఆ వెతుకులాట రోజుల్లోనే, 1758 ఆగస్టు 28న, మెస్సియేకి వృషభరాశిలో మసగ్గా ఒక మచ్చ కనిపించింది. అచ్చం తోకచుక్కలాగే ఉంది. రోజూ చూశాడు. కదల్లేదు. తోకచుక్కయితే నక్షత్రాల మధ్య కొద్దికొద్దిగా జరగాలి. ఇది జరగదే! మోసం. ఇలాంటి మోసపు మచ్చలు ఇంకెన్ని ఉన్నాయో, వాటితో ఎన్ని రాత్రులు వృథా అవుతాయో అనుకుని ఒక జాబితా రాయడం మొదలుపెట్టాడు. ఇవి తోకచుక్కలు కావు, వీటి జోలికి పోవద్దు అని చెప్పే జాబితా. దుకాణాల్లో 'అప్పు ఇవ్వకూడనివాళ్ల' పేర్లు రాసుకున్నట్టు!

అందులో మొదటి నంబరు ఆ వృషభరాశి మచ్చదే. ఎం-1. దాన్నే ఇవాళ క్రాబ్ నెబ్యులా అంటున్నాం. 1054లో ఒక నక్షత్రం పేలిపోతే చైనావాళ్లు పట్టపగలే చూసి రాసిపెట్టుకున్నారు. ఆ పేలుడు తాలూకు శకలం అది. మెస్సియేకి ఇవేవీ తెలియవు. తెలుసుకోవాలనీ లేదు. అతనికి కావలసింది తోకచుక్క. ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ అతన్ని 'తోకచుక్కల ముంగిస' అన్న అర్థం వచ్చేలా పిలిచేవాడని చెప్పుకుంటారు. కన్నంలో దూరి ఎలుకల్ని పట్టే ఫెర్రెట్ అనే జంతువుతో పోల్చాడు. మన ముంగిసకి దూరపు చుట్టం లాంటిది.

ఆ వేట ఎంతదాకా వెళ్లిందో చెప్పే కథ ఒకటి అప్పట్లోనే పారిస్‌లో తిరిగింది. 1772 మార్చిలో మెస్సియే భార్య కొడుకుని కని, కొద్దిరోజులకే కన్నుమూసింది. బిడ్డా దక్కలేదు. ఆమె మంచం పక్కనే ఉండిపోయిన ఆ రోజుల్లోనే లిమోజ్ ఊళ్లో మోంటేన్ అనే అతను కొత్త తోకచుక్కని కనిపెట్టాడు. పరామర్శకి వచ్చిన పెద్దమనిషి ''ఎంత నష్టం జరిగిపోయింది!'' అంటే, మెస్సియే కన్నీళ్లతో తోకచుక్క చేజారిన సంగతి చెప్పుకున్నాడట. తర్వాత నాలిక్కరుచుకుని భార్య గురించి ఏడ్చాడట. ఇది ఎంత నిజమో, గిట్టనివాళ్లు ఎంత కల్పించారో! కానీ తోకచుక్కలకి కాకపోయినా క్రికెట్‌కో, పేకాటకో, ఆఫీసుకో ఇంట్లోవాళ్లని వదిలేసిన మగవాళ్లని ఎరిగిన ఏ ఇల్లాలికీ ఈ కథ నమ్మడం కష్టం కాదు.

మెస్సియే కనిపెట్టిన తోకచుక్కలు డజనుకు పైమాటే. వాటిలో ఒక్కటైనా మనకి గుర్తుందా? భూమికి అతి దగ్గరగా వచ్చినట్టు రికార్డయిన తోకచుక్కని 1770లో కనిపెట్టింది అతనే. కానీ దాని కక్ష్య లెక్కగట్టిన లెక్సెల్ పేరు దానికి స్థిరపడిపోయింది. జీవితమంతా వెంటపడినవి పేరు తెచ్చిపెట్టలేదు. విసుక్కుంటూ పక్కన రాసుకున్న జాబితా మాత్రం రెండున్నర శతాబ్దాలుగా అతన్ని బతికిస్తోంది. 1781లో 103తో అతను ముగించిన ఆ జాబితాకి, అతని కాయితాల్లో, అతని మిత్రుడు మెషాన్ కాయితాల్లో దొరికినవి తర్వాతివాళ్లు చేర్చుకుంటూ పోయారు. నూట పదోది చేరింది 1966లో!

తప్పులు లేవా అంటే ఉన్నాయి. ఎం-40 అన్నది మచ్చే కాదు, పక్కపక్కన కనిపించే రెండు నక్షత్రాలు. ఎం-73 నాలుగు నక్షత్రాలు. ఎం-102 ఏమిటన్నది ఇప్పటికీ తగువే. మారథాన్‌లో మాత్రం ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పెద్దాయన రాశాడు, చూడాల్సిందే.

పరుగు మొదలు

ఇక ఆ రాత్రి సంగతి. మార్చి మూడో వారంలో మన దగ్గర చీకటి చిక్కబడేసరికి ఏడున్నర. తూరుపు తెల్లబడేది అయిదింటికి. అంటే దాదాపు తొమ్మిదిన్నర గంటలు. నూట పదికి పంచితే ఒక్కోదానికి అయిదు నిమిషాలు. అందులోనే వెతకాలి, చూడాలి, టైము రాసుకోవాలి, టీ తాగాలి.

అసలు గండం మొదటి అరగంటలోనే ఉంది. ఎం-74 అనే గెలాక్సీ పడమట దిగిపోతూ ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. చీకటిపడేసరికి ఎం-74 అంతెత్తులో ఉంటే గొప్ప. అసలే బాగా మసక. దానికితోడు కింద దుమ్ము, ఊళ్ల వెలుగు. ఆకాశం పూర్తిగా నల్లబడేదాకా ఆగితే అది అస్తమిస్తుంది. ఆగకపోతే సంధ్యవెలుగులో కనపడదు. ఈ రెంటి మధ్య సందులోనే పట్టుకోవాలి. చాలామంది మారథాన్ ఇక్కడే నూట తొమ్మిదికి పడిపోతుంది. ఇంకా తొమ్మిది గంటల రాత్రి మిగిలుండగానే!

మన తెలుగు నేలకి ఇంకో చిక్కుంది. ఆండ్రోమెడా గెలాక్సీ, దాని పక్కనున్న రెండు చిన్న గెలాక్సీలు అమెరికా, యూరప్‌లవాళ్లకి ఆ వేళకి ఇంకా హాయిగా పైనే ఉంటాయి. మనం భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి మనకి అవి వాయవ్య దిక్కున తొందరగా దిగిపోతాయి. కాబట్టి మనవాళ్లు వచ్చీ రాగానే ఏకంగా నాలుగైదింటి వెంట పరుగెత్తాలి. దీనికి బదులు తెల్లవారుజామున ఒక వరం దొరుకుతుంది. దాని సంగతి తర్వాత.

గండం గడిచాక కాస్త ఊపిరి. మృగవ్యాధుడి కత్తిలో ఎం-42, పిల్లలకోడి అని పల్లెల్లో పిలిచే కృత్తికలు ఎం-45, పుష్యమి నక్షత్రం చోట తేనెపట్టులా కనిపించే ఎం-44... ఇవన్నీ బైనాక్యులర్స్‌కే దొరికేస్తాయి. పుష్యమిలో పుట్టినవాళ్లు లక్షల్లో ఉంటారు. తమ నక్షత్రాన్ని ఒక్కసారైనా కళ్లతో చూసినవాళ్లు ఎందరో!

ఇక్కడ కంటి గురించి ఓ మాట. వెలుతురులోంచి చీకట్లోకి వస్తే కన్ను అలవాటుపడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత ఒక్కసారి సెల్‌ఫోన్ తెర చూశారా, కథ మళ్లీ మొదటికే. అందుకే ఎర్ర టార్చి. ఇంకో చిట్కా మరీ తమాషా. మసక వస్తువుని సూటిగా చూస్తే మాయమైపోతుంది. కొంచెం పక్కకి చూస్తే కనిపిస్తుంది. కంటి మధ్యభాగం రంగుల్ని, వివరాల్ని బాగా పడుతుందిగానీ చీకట్లో దానికి చూపు తక్కువ. మసక వెలుగుని పసిగట్టే కణాలు చుట్టూ అంచుల్లో ఎక్కువ. దీన్నే వీళ్లు ఏళ్ల తరబడి సాధన చేస్తారు. సినిమా కవులు ఓరచూపు మీద రాసినన్ని పాటలు దేనిమీదా రాసుండరు. ఆ ఓరచూపుతో కోట్ల కాంతిసంవత్సరాల అవతల ఉన్నవాటిని చూస్తున్నవాళ్లు వీళ్లు!

అర్ధరాత్రి దాటాక కన్యారాశి నడినెత్తికి వస్తుంది. అసలు పరీక్ష అది. కన్య, దాని పక్కనున్న కోమా రాశుల్లో చిన్న జాగాలో పదహారు మెస్సియే గెలాక్సీలు కిక్కిరిసి ఉంటాయి. నంబరు లేనివి ఇంకా బోలెడు. ఏది ఏదో తేల్చుకోలేక అక్కడ దారితప్పనివాళ్లు లేరు. తెలిసిన నక్షత్రం నుంచి మెట్లు ఎక్కినట్టు ఒక్కో అడుగే వేస్తూ వెళ్లాలి. మధ్యలో దోమ కుట్టి కన్ను తీస్తే మళ్లీ మొదటి మెట్టు నుంచి. పైగా మనకి సరిగ్గా నడినెత్తిమీద కాబట్టి మెడలు పట్టేస్తాయి. చెక్కపెట్టె మీద తిరిగే టెలిస్కోపులకి నిట్టనిలువుగా తిరగడమంటే మహా చిరాకు.

ఈ చెక్కపెట్టె టెలిస్కోపుల వెనకా ఒక కథుంది. దాన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత మఠంలో సన్యాసి. రామకృష్ణ సంప్రదాయం. మఠంలో దొంగచాటుగా అద్దాలు అరగదీసి టెలిస్కోపులు చేసి, చుట్టుపక్కల పిల్లలకి చందమామని చూపించేవాడు. 1967లో మఠం అతన్ని పంపించేసింది. ఫుట్‌పాత్ మీద టెలిస్కోపు పెట్టి దారినపోయేవాళ్లందర్నీ పిలిచి చూపించడమే ఆ తర్వాత అతని సన్యాసం. 2014లో పోయేదాకా అదే పని. ఇవాళ ఓ మోస్తరు జీతగాడు ఆరంగుళాలో, ఎనిమిదంగుళాలో టెలిస్కోపు కొనుక్కోగలుగుతున్నాడంటే ఆ చౌక డిజైన్ పుణ్యమే. మెస్సియే ఇష్టపడి వాడిన గొట్టం అద్దం మూడున్నర అంగుళాలే.

కన్యారాశి గుంపులో ఎం-87 అని ఒకటుంది. చూడ్డానికి ఏమీ ఉండదు. గుండ్రటి బూడిదరంగు మచ్చ. ఇది రాత్రంతా వినిపించే మాటే. ''ఇంతేనా?'' అంటారు తోడొచ్చిన పిల్లలు. పత్రికల్లో హబుల్ టెలిస్కోపు రంగుల బొమ్మలు చూసిన కళ్లకి ఈ మచ్చలు దిగదుడుపే. కానీ ఆ ఎం-87 నడుమ ఉన్న బ్లాక్‌హోల్ చుట్టూ వెలుగునే 2019 ఏప్రిల్లో శాస్త్రవేత్తలు ప్రపంచానికి తొలి బొమ్మగా చూపించారు. దాని వెలుగు బయల్దేరి అయిదున్నర కోట్ల ఏళ్లయ్యింది. మెస్సియే దాన్ని రాసుకున్నది 1781 మార్చి 18 రాత్రి. అదే రాత్రి ఆ చుట్టుపక్కల ఇంకో ఏడింటిని కూడా రాసుకున్నాడు. పారిస్ నడిబొడ్డున, క్లూనీ భవనం మీది గదిలోంచి! ఇవాళ ఆ భవనం మ్యూజియం. అక్కణ్నుంచి కన్యారాశి గెలాక్సీలు చూడాలంటే పారిస్‌లో కరెంటు తీసెయ్యాలి.

రెండున్నరకి వృశ్చికం, మూడింటికి ధనుస్సు పైకొస్తాయి. అలసిన కళ్లకి పండగ. పాలపుంత నడిమిభాగం అది. గుంపులు, మేఘాలు ఒకదాని వెంట ఒకటి. అయిదు నిమిషాలకొకటి కాదు, నిమిషానికొకటి పడుతుంది. నిద్ర ఎగిరిపోతుంది. ఎం-7 అనే గుంపు జాబితాలో అన్నిటికన్నా దక్షిణాన ఉంది. పారిస్‌లో అది నింగి అంచుకి ఆరు డిగ్రీలకి కాస్త పైన మాత్రమే లేస్తుంది. ఇళ్లకప్పుల మీదుగా తొంగిచూసి రాసుకున్నాడా మనిషి. మనకి దాదాపు నలభై డిగ్రీలు లేస్తుంది. బైనాక్యులర్స్ కూడా అక్కర్లేదు.

చివరిది ఎం-30. మకరరాశిలో ఒక నక్షత్రాల ఉండ. ఉత్తరాదివాళ్లకి, యూరప్‌వాళ్లకి ఇది ఏడిపించే నంబరు. వాళ్లకి అది లేచేలోగా తెల్లారిపోతుంది. మనకి మాత్రం చీకటి ఉండగానే తూర్పు ఆగ్నేయాన తల ఎత్తుతుంది. సాయంత్రం ఆండ్రోమెడా దగ్గర పోయిన వడ్డీ ఇక్కడ తిరిగొస్తుంది. నూట పదీ దొరికిన తొలి రాత్రి 1985 మార్చి 23. అమెరికాలో అరిజోనా నుంచి గెర్రీ రాట్లీ, గంట తేడాతో కాలిఫోర్నియా నుంచి రిక్ హల్ పూర్తిచేశారు.

చూశానంటే చూసినట్టేనా? సాక్ష్యం ఎవరు? ఎవరూ లేరు. అతని మాటే. ఎం-74 చోట ఏదో ఉన్నట్టనిపించింది, ఉందా, లేదా? టిక్కు పెట్టుకోవాలా వద్దా? చీకట్లో ఒక్కడే తేల్చుకోవాలి. నూట తొమ్మిది అని రాసుకుని ఇంటికొచ్చేవాళ్లున్నారు. ఈ ఆట మొత్తంలో గౌరవించాల్సింది ఆ ఒక్కటి తక్కువ రాసుకున్న చెయ్యినే.

ఈమధ్య కొత్త టెలిస్కోపులొచ్చాయి. ఫోన్‌లో ఎం-74 అని కొడితే చాలు. అదే తిరిగి, అదే వెతికి, అదే ఫొటో తీసి ఫోన్‌లో చూపిస్తుంది. మీరు ఇంట్లో టీవీ చూసుకోవచ్చు. సిటీ డాబా మీంచి కూడా బొమ్మ బాగానే వస్తుంది. పెద్దవాళ్లకి, చూపు సరిగాలేనివాళ్లకి అదో వరమే, కాదనక్కర్లేదు. మారథాన్‌కి మాత్రం పనికిరాదు. లిఫ్టులో ఎక్కి తిరుమల మెట్లెక్కానంటే ఎలా? అమెరికాలోని ఆస్ట్రొనామికల్ లీగ్ కూడా మెస్సియే సర్టిఫికెట్‌కి ఎవరికివారు వెతుక్కోవాల్సిందేనంటుంది. అక్కడే బైనాక్యులర్స్‌తో యాభై చూసినవాళ్లకి వేరే సర్టిఫికెట్ కూడా ఉంది.

డాబాగార్డెన్స్‌లో టెలిస్కోపు

ఇదంతా ఎక్కడో పారిస్, అరిజోనా సరదా అనుకోవద్దు. విశాఖపట్నంలో డాబాగార్డెన్స్ తెలియనివాళ్లుండరు. హోటళ్లు, షాపులు, ఆటోల గోల. అక్కడ 1840ల నాటికే గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టుకున్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపాడు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసిన మనిషి. తోకచుక్కలు, గ్రహణాలు, 1874 డిసెంబరు 9న సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడం... అన్నీ చూసి, లండన్‌లోని రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీకి రాసి పంపేవాడు. ఆ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా చేర్చుకుంది. ఇవాళ డాబాగార్డెన్స్‌లో నిలబడి తలెత్తితే హోర్డింగులు కనిపిస్తాయి.

హైదరాబాద్‌దీ అదే కథ. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో పెట్టిన టెలిస్కోపే నిజామియా అబ్జర్వేటరీకి నాంది. తర్వాత అది బేగంపేటకి మారింది. అక్కడ పనిచేసే ఉద్యోగి కొడుకు వేణుబప్పు నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్ వెళ్లి, 1949లో ఒక తోకచుక్కని కనిపెట్టాడు. మెస్సియే కోరుకున్నదీ అదేగా! దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు. బేగంపేట చుట్టూ ఊరు పెరిగిపోయింది. 1960ల చివర్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల పెద్ద టెలిస్కోపుని సిటీకి యాభై కిలోమీటర్ల అవతల రంగాపురంలో పెట్టింది. ఇప్పుడు ఆ దిక్కుకీ ఊరి వెలుగు వెళ్లిపోయింది. చీకటిని వెతుక్కుంటూ టెలిస్కోపులు ముందు పోతుంటే వీధిదీపాలు వెనకే వస్తున్నాయి.

ఒకప్పుడు పల్లెల్లో నీళ్లు కట్టడానికి వెళ్లే రైతు గొల్లకావడిని చూసి రాత్రి ఎంతయ్యిందో చెప్పేవాడు. వేగుచుక్క పొడిస్తే బండి కట్టేవాడు. ఇవాళ ఆ పొలాల్లోనూ ఎల్‌ఈడీ బల్బులే. ఔత్సాహికులు హైదరాబాద్ నుంచైతే వికారాబాద్ కొండల వైపు, ఇంకా దూరం పోగలిగినవాళ్లు నల్లమల అంచులకి వెళ్తారు. అడవిలోకి రాత్రిపూట బళ్లు వదలరు కాబట్టి ఇవతలే ఆగాలి. తెలిసినవాళ్ల మామిడితోట దొరికితే అదృష్టం. అక్కడికెళ్లాక తోట యజమాని ''చీకట్లో ఇబ్బందిపడతారని'' మర్యాదగా పెద్ద లైటు వేస్తాడు. అది ఆర్పమని అడగడానికి పడే మొహమాటం ఎం-74 వెతకడం కన్నా కష్టం.

ప్రభుత్వాలు బొత్తిగా పట్టించుకోలేదనడానికీ లేదు. 2022లో లద్దాఖ్‌లోని హాన్లేని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దేశంలో అలాంటిది అదే మొదటిది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దీపాలకి కింద మాత్రమే వెలుగుపడే డొప్పలు పెట్టుకున్నారు, కిటికీలకి తెరలు కట్టుకున్నారు. అక్కడికొచ్చే ఔత్సాహికులకి ఇంట్లో బస ఇచ్చి నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నారు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అడవికీ 2024లో డార్క్ స్కై పార్క్ గుర్తింపు వచ్చింది. వీధిదీపం ఆకాశానికి కాక రోడ్డుకి వెలుగివ్వాలని అడగడం పెద్ద కోరికేమీ కాదు. కరెంటు బిల్లూ తగ్గుతుంది. నల్లమలలో అలాంటిదొకటి ఎందుకుండకూడదు?

2020లో కొత్త అమావాస్య మార్చి 24. మారథాన్‌కి అంతకన్నా మంచి రాత్రి ఉండదు. ఆ రాత్రి ఎనిమిదింటికే దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించారు. సర్దిన కార్లు గేటు దాటలేదు. డాబాల మీదే టెలిస్కోపులు పెట్టుకోవాల్సిన ఏడాది అది. రోడ్లమీద బళ్లు లేక గాలి తేటపడ్డ ఆ వారాల్లో, ఎన్నడూ పైకి చూడని ఇళ్లలో కూడా సాయంత్రాలు డాబా ఎక్కారు.

టెలిస్కోపు లేకపోతే? మెడలో వేసుకునే 10x50 బైనాక్యులర్స్ చాలు. పది అంటే పది రెట్లు, యాభై అంటే ముందు అద్దం యాభై మిల్లీమీటర్లు. చేతులు వణక్కుండా గోడకి ఆనుకోవాలి, పడక్కుర్చీ అయితే మరీ మంచిది. చందమామ లేని రాత్రి, కరెంటు పోయిన రాత్రి అయితే ఇంకా మంచిది. శీతాకాలమైతే కృత్తికలతో మొదలుపెట్టండి. వట్టి కంటికి ఆరో ఏడో కనిపించేచోట పదులకొద్దీ చుక్కలు తేలతాయి. పిల్లలు 'ఇంతేనా' అనని వాటిలో ఇదొకటి.

వేసవి సెలవుల్లో పల్లెకి వెళ్తే ఇంకొకటుంది. మే మధ్యలో రాత్రి పదింటి ప్రాంతంలో దక్షిణానికి తిరిగి, నేలనుంచి రెండున్నర పిడికిళ్ల ఎత్తున చూడండి. మసకబారిన నక్షత్రంలాంటిదొకటి ఉంటుంది. బైనాక్యులర్స్ పెడితే పత్తిపువ్వులా గుండ్రంగా విచ్చుకుంటుంది. దాని పేరు ఒమెగా సెంటారీ. లక్షల నక్షత్రాల ఉండ, ఆకాశంలో కనిపించే అలాంటివాటిలో కెల్లా పెద్దది. నూట పదిలో అది లేదు. పారిస్ నుంచి అది ఎప్పటికీ పైకి రాదు కాబట్టి మెస్సియే దాన్ని జాబితాలోకి ఎక్కించలేకపోయాడు.